మేఘం కింది మనుషులు

అణుయుద్ధం అనగానే ఎవరికైనా స్ఫురించేది ఆకాశంలో పుట్టగొడుగులా విప్పారిన పొగమేఘం. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద, 9న నాగసాకి మీద అమెరికా అణుబాంబులు వేసింది. నాడు విమానాల నుండి తీసిన మేఘచిత్రాలే పత్రికల ద్వారా, వార్తాచిత్రాల ద్వారా లోకమంతటా వ్యాపించాయి. ఆ మేఘం కింద దగ్ధమైన మనుషులు వాటిలో కనిపించరు. ఆనాడే హిరోషిమాలో యోషితో మత్సుషిగే అనే పత్రికా ఛాయాగ్రాహకుడు క్షతగాత్రులను చిత్రించాడు. కాని అమెరికా ఆక్రమణ కాలంలోని సెన్సారు కారణంగా అటువంటి చిత్రాలు 1952 వరకు జపాన్ ప్రజలకే విరివిగా చేరలేదు.

ఇట్లు మరుగుపడిన మనిషిని తిరిగి ముందుకు తేవడానికి కొందరు కళాకారులు వార్తాదృశ్యాలనే సాధనంగా స్వీకరించారు. తెరలను, వస్తువులను, ధ్వనులను ఒక గదిలో కూర్చి, ప్రేక్షకుణ్ణి వాటి నడుమ నిలపడం వీడియో కళలో ఒక ముఖ్య ప్రక్రియ. మన దేశంలో ఈ ప్రక్రియను చేపట్టిన తొలితరం వారిలో నళినీ మలానీ ఒకరు. ఆమె 1946లో కరాచీలో జన్మించారు. దేశవిభజన సమయంలో ఆమె కుటుంబం భారతదేశానికి తరలివచ్చింది.

1998 మే 11, 13 తేదీలలో పోఖ్రాన్ వద్ద భారతదేశం, అదే నెల 28, 30 తేదీలలో పాకిస్తాన్ అణుపరీక్షలు జరిపాయి. జనం మిఠాయిలు పంచుకొనే దృశ్యాలు పత్రికలలో, టెలివిజన్‌లో కనిపించాయి. ఆ సంవత్సరమే మలానీ ‘టోబా టేక్ సింగ్ స్మృతి’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక వీడియో రచన రూపొందించారు. ఆ పేరుకు మూలం సాదత్ హసన్ మంటో రాసిన ఉర్దూ కథ. విభజన తరువాత పిచ్చాసుపత్రి రోగులను ఇరుదేశాలు పంచుకోవడం ఆ కథావస్తువు. అందులోని నాయకుడు ఏ దేశానికీ చెందని నేల మీద కూలిపోతాడు.

మలానీ రచనలో పన్నెండు రేకు ట్రంకు పెట్టెలు ఉంటాయి. వాటిలో అమర్చిన టీవీ తెరల మీద ఇల్లూ వాకిలీ విడిచిపోయే జనం కనిపిస్తారు. ఒక గోడ మీద హిరోషిమా, నాగసాకి విస్ఫోటన దృశ్యాలు సాగుతాయి. ఎదురెదురు గోడల మీద ఇద్దరు స్త్రీలు ఒకే చీరను మడత పెట్టడానికి ప్రయత్నిస్తారు.

ఈ చీర సంకేతం తెలుగువారికి సుబోధం. కాకినాడ సమీపంలోని ఉప్పాడలో జాందానీ మగ్గం వద్ద ఇద్దరు నేతగాళ్ళు పక్కపక్కన కూర్చుని ఒకే చీర నేస్తారు. నేసిన చీరను మడవడానికీ ఇద్దరు చెరొక అంచు పట్టుకొని దగ్గరకు రావాలి. మలానీ చూపిన స్త్రీలు మాత్రం దగ్గర కాలేరు. వారి మధ్య గది అంతా ఎడం. ప్రేక్షకుడు నిలిచేది ఆ ఎడంలోనే.

మహాభారత సౌప్తిక పర్వంలో అశ్వత్థామ అస్త్రం చివరకు ఉత్తర గర్భస్థ శిశువును తాకింది. యుద్ధంతో ఏ సంబంధమూ లేని ప్రాణం మీద పడిన ఆయుధమది. వ్యాసుడు ఆ శిశువును కథలో మరువలేదు. వార్తాచిత్రం మరచినచోట కళ చేయవలసిన పని కూడా అదే. తెర మీద ఏ విస్ఫోటనాన్ని చూసినా, దానిని ఎవరు, ఎక్కడ నిలిచి చిత్రించారో, ఆ చిత్రంలో లేనివారు ఎవరో ఆలోచించడం విద్యావంతుని కర్తవ్యం.