లిమిట్ దాటే దారి: క్రెడిట్ కార్డు కథ

2023 జూలై చివర్లో మదనపల్లె మార్కెట్‌లో మేలురకం టమాటా కిలో 200 రూపాయలకు చేరువైంది. రేటు పడిపోయిన ఏడాది కోత కూలి కూడా గిట్టదని తోటలోనే వదిలేసేదీ ఈ టమాటానే. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు చాలా ఇళ్లలో డబ్బు చేతికి వచ్చే తీరు ఇదే. టమాటా అయినా, పట్టుగూళ్లు అయినా ఒక నెల దండిగా వస్తుంది, మరో నెల బొత్తిగా రాదు. క్రెడిట్ కార్డుకు ఈ సంగతి పట్టదు. జీతం స్లిప్పో, ఆదాయపు పన్ను రిటర్నో, పాత అప్పులు తీర్చిన తీరో చూసి బ్యాంకు ఒక అంకె వేస్తుంది. పంట పండినా ఎండినా ఆ లిమిట్ అంతే.

కార్డు లిమిట్ 60 వేలు, కొనాల్సిన వస్తువు 90 వేలు, చేతిలో డబ్బుంది అనుకుందాం. తేడా 30 వేలు ముందే కార్డులో కట్టేస్తే పని జరుగుతుందా? చాలాసార్లు జరుగుతుంది. ఎందుకు జరుగుతుందో, ఎక్కడ ఆగుతుందో తెలియాలంటే ఈ లిమిట్ ఎలా పుట్టిందో చూడాలి.

ఫ్రెస్నో పాఠం

1950లో న్యూయార్క్‌లో ఫ్రాంక్ మెక్‌నమారా మొదలుపెట్టిన డైనర్స్ క్లబ్ కార్డు అట్టముక్క. హోటల్లో భోంచేసి కార్డు చూపితే చాలు, నెల తిరిగేసరికి మొత్తం బాకీ ఒకేసారి కట్టాలి. అప్పును నెలల తరబడి మోసుకెళ్లే వీలు పెద్దఎత్తున తెచ్చింది బ్యాంక్ ఆఫ్ అమెరికా. 1958 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్టణంలో, అడగకుండానే 60 వేల మందికి పోస్టులో కార్డులు పంపింది. ఒక్కో కార్డుకు 300 నుంచి 500 డాలర్ల లిమిట్ పెట్టింది. బాకీ సమయానికి కట్టనివాళ్లు నూటికి నలుగురు ఉంటారని అంచనా వేస్తే 22 మంది తేలారు. ముక్కూ మొహం తెలియని వాడికి అప్పిచ్చేటప్పుడు, పోతే ఎంత పోతుందో ముందే గిరిగీసుకోవాలని బ్యాంకులకు గట్టిగా తెలిసొచ్చింది అప్పుడే. ఆ కార్డే 1976లో వీసా పేరు పెట్టుకుంది.

గీత గీయడం సులువే. దాటకుండా చూడటమే కష్టం. దుకాణంలో కార్డును చిన్న ఇనుప బల్లలో పెట్టి, పైన కార్బన్ చీటీ పరిచి, పిడిని బర్రున లాగితే ఉబ్బెత్తు అంకెలు చీటీ మీద అచ్చయ్యేవి. ఆ చీటీ బ్యాంకు చేరేసరికి రోజులు పట్టేది. ఈలోగా అదే కార్డుతో పది చోట్ల కొన్నా ఎవరికీ తెలిసేది కాదు. అందుకే కొంత మొత్తం దాటితే దుకాణదారు ఫోన్ చేసి అనుమతి తీసుకోవాలనే నియమం పెట్టారు. 1970ల్లో ఆ ఫోన్ పని కంప్యూటర్ల మీద పడింది. ఐబీఎం ఇంజనీరు ఫారెస్ట్ ప్యారీ 1960ల్లో కార్డు వెనుక అతికించిన అయస్కాంత పట్టీ దీనికి తోడైంది. ఆ పట్టీని నకలు తీయడం దొంగలకు తేలిక కావడంతో తర్వాత చిప్పు వచ్చింది.

మన దేశంలో బ్యాంకు కార్డులకు తొలి అడుగులు 1980లో సెంట్రల్ బ్యాంకు, 1981లో ఆంధ్రా బ్యాంకు వేశాయి. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, చాలా బ్యాంకులు తటపటాయిస్తున్న కాలంలోనే కార్డు ఇచ్చింది. 2020లో అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.

మిషన్ అడిగే ఒకే ప్రశ్న

ఇప్పుడు పుంగనూరులో ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణంలో కార్డు పెట్టి పిన్ కొట్టామనుకోండి. ముందు కార్డు నంబరు సరైనదో కాదో లెక్క చూస్తారు. కుడి నుంచి ఒకటి విడిచి ఒకటి అంకెను రెట్టింపు చేసి, తొమ్మిది దాటితే తొమ్మిది తీసేసి, అన్నీ కలిపితే మొత్తం పదితో భాగింపబడాలి. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1954లో పేటెంట్‌కు దరఖాస్తు చేసిన చిట్కా ఇది. ఒక అంకె తప్పు పడితే అక్కడే దొరికిపోతుంది.

తర్వాత మిషన్ నుంచి ఒక సందేశం బయల్దేరుతుంది. దుకాణదారు బ్యాంకు, అక్కడి నుంచి వీసా లేదా రూపే వంటి నెట్‌వర్క్, చివరికి మన కార్డు ఇచ్చిన బ్యాంకు. ఐఎస్ఓ 8583 అనే ప్రమాణంలో రాసిన ఆ సందేశంలో కార్డు నంబరు, మొత్తం, సమయం, దుకాణం గుర్తింపు ఉంటాయి. అవతలి కంప్యూటర్ చూసే ముఖ్యమైన లెక్క చిన్నదే. లిమిట్‌లోంచి వాడుకున్నది, ఇంకా బిల్లులోకి రాని పద్దులు తీసేస్తే మిగిలింది ఎంత? చాలితే 00 అనే కోడ్, చాలకపోతే 51. రెండు మూడు సెకన్లలో జవాబు తిరిగి వచ్చేస్తుంది. మిషన్ తెర మీద మనకు కనిపించే ‘డిక్లైన్డ్’ వెనక ఉన్నది ఆ రెండంకెలే.

ముందే 30 వేలు కట్టేస్తే ఈ లెక్కలో మారేదేమిటి? బాకీ సున్నా కన్నా కిందికి దిగుతుంది. స్టేట్‌మెంట్‌లో మైనస్ గుర్తుతోనో ‘సీఆర్’ అనే అక్షరాలతోనో కనిపిస్తుంది. 60 వేల లిమిట్‌కు మన 30 వేలు కలిసి వాడుకోదగ్గది 90 వేలవుతుంది. మండీలో రైతు తన సొమ్ము పద్దులో వదిలి, ఆనక వాడుకున్నట్టే. అయితే బ్యాంకు ఇక్కడ వడ్డీ ఇవ్వదు. బ్యాంకు మనకు అప్పిచ్చే చోట మనమే బ్యాంకుకు అప్పిచ్చినట్టు.

ఖర్చెంత, మిగులెంత

ముందుగా కట్టకుండా లిమిట్ దాటితే ఏమవుతుంది? 2022లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఖాతాదారు స్పష్టంగా ఒప్పుకుంటేనే బ్యాంకు లిమిట్ దాటనిచ్చి ఫీజు వేయాలి. ఒప్పుకుని ఉంటే, దాటిన మొత్తం మీద 2.5 శాతం చాలా కార్డుల్లో కనిపించే రేటు. 30 వేలకు 750 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 135, మొత్తం 885. అదే 30 వేలు పది రోజుల ముందు కార్డులో కట్టేస్తే, పొదుపు ఖాతాలో 3 శాతం లెక్కన పోయే వడ్డీ పాతిక రూపాయలలోపే. ఇంత తేడా ఉండబట్టే ముందుగా కట్టే పద్ధతి తెలిసినవాళ్లకు ఇష్టం.

కానీ మెలికలున్నాయి. మొదటిది, డబ్బు కట్టగానే లిమిట్ పెరిగిపోదు. యూపీఐతో కట్టినా నెఫ్ట్‌తో కట్టినా కార్డు ఖాతాలో జమ పడటానికి కొన్నిసార్లు ఒకటి రెండు రోజులు పడుతుంది, చెక్కు అయితే ఇంకా ఎక్కువ. యాప్‌లో అవైలబుల్ లిమిట్ చూసుకున్నాకే దుకాణానికి వెళ్లాలి. రెండోది, లిమిట్‌ను మించి భారీగా కడితే బ్యాంకు అనుమానిస్తుంది. దొంగసొమ్మును కార్డులో వేసి, తర్వాత రీఫండ్ అడిగి తెల్లడబ్బుగా మార్చుకునే దారి ఇదే కాబట్టి కొన్ని బ్యాంకులు ఎక్కువ కట్టిన డబ్బును తిప్పి పంపుతాయి, కార్డును ఆపి వివరాలు అడుగుతాయి. ఏడాదిలో కార్డు బిల్లులకు నగదుగా లక్ష, ఇతర మార్గాల్లో 10 లక్షలు దాటితే ఆ సమాచారం ఆదాయపు పన్ను శాఖకు చేరుతుంది. బంధువుల కొనుగోళ్లన్నీ మన కార్డు మీదుగా జరిపితే ఆ లెక్కకు సంజాయిషీ మనమే ఇచ్చుకోవాలి.

మూడోది చాలామంది పట్టించుకోనిది. జమ ఉన్న డబ్బు మనదే కదా అని ఆ కార్డుతో ఏటీఎంలో నగదు తీస్తే, చాలా కార్డుల్లో అది నగదు అడ్వాన్సే. ఫీజు పడుతుంది. మిగిలిన జమ కావాలంటే బ్యాంకును అడిగి మన పొదుపు ఖాతాకు వేయించుకోవాలి. కార్డు మూసేటప్పుడైతే మిగులును ఖాతాకు పంపాలన్నది రిజర్వు బ్యాంకు నియమమే. పైగా కార్డు మోసగాళ్ల చేతిలో పడితే, జమ ఉన్నంతవరకు చిక్కేది మన సొంత డబ్బు.

నాలుగో ఖర్చు దుకాణంలోనే ఉంది. ‘కార్డయితే రెండు పర్సెంటు పడుతుంది సార్’ అనే మాట నగల దుకాణాల్లోనూ ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లోనూ కొత్త కాదు. క్రెడిట్ కార్డు కొనుగోళ్లలో దుకాణదారు బ్యాంకులకు కొంత శాతం ఇచ్చుకోవాలి. దాన్ని మన మీదకు నెడుతున్నాడన్నమాట. 90 వేలకు 1,800. ఓవర్‌లిమిట్ ఫీజు తప్పించుకున్న సంబరం ఇక్కడ ఆవిరైపోతుంది.

అసలు ముందుగా కట్టాలా?

ఒకేసారి వాడుకునే అవసరమైతే బ్యాంకును తాత్కాలికంగా లిమిట్ పెంచమని అడగవచ్చు. రెండు కార్డులకు బిల్లును విడగొట్టమని దుకాణదారును అడగవచ్చు. కుప్పం నుంచి వేలూరు ఆస్పత్రికో బెంగళూరు కాలేజీకో పెద్ద మొత్తం కట్టేవాళ్లకు మరో దారి వచ్చింది. ఆస్పత్రులు, విద్యాసంస్థలకు యూపీఐలో ఒక లావాదేవీకి 5 లక్షల దాకా చెల్లించవచ్చని 2023 డిసెంబరులో రిజర్వు బ్యాంకు ప్రకటించింది. డబ్బు చేతిలో ఉంటే నేరుగా పంపేయవచ్చు, కార్డు మీదుగా తిప్పాల్సిన పని లేదు.

కాబట్టి ముందుగా కట్టడం గిట్టుబాటయ్యేది, కార్డు వల్లే దొరికే లాభం ఉన్నప్పుడే. ఆన్‌లైన్ డిస్కౌంటో, వాయిదాల వీలో, విదేశీ హోటల్ బుకింగో అయి ఉండాలి. అప్పుడు కూడా తేడా ఎంతో అంతే, సొంత ఖాతా నుంచే, రెండు మూడు రోజుల ముందే కట్టాలి. విదేశీ కరెన్సీలో చెల్లిస్తే చాలా కార్డులు సుమారు 3.5 శాతం మార్కప్‌ను, దాని మీద జీఎస్టీని వేస్తాయి కాబట్టి కట్టే తేడాలో అదీ కలుపుకోవాలి. లేకపోతే గట్టిగా లెక్క కట్టి 30 వేలు పంపినా, చివరికి కొద్ది మొత్తం దగ్గర చాలక, లావాదేవీ 51 కోడ్‌తో వెనక్కి వస్తుంది.