భూమి కదిలితే చంపేది ఇల్లే

భూకంపమంటే హిమాలయాల్లోనో, అస్సాంలోనో వచ్చేదని, మన దక్కను రాతినేలకు ఆ భయం లేదని చాలాకాలం చెబుతూ వచ్చారు. ఆ ధీమా ఎంత బూటకమో 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని లాతూరు, నాటి ఉస్మానాబాద్ జిల్లాల పల్లెలు ప్రాణాలిచ్చి చెప్పాయి.

వినాయక నిమజ్జనం ముగించుకుని ఊళ్లన్నీ ఆదమరచి నిద్రపోతున్న వేళ, తెల్లవారుజామున నాలుగు గంటలు కావస్తుండగా కిల్లారి ప్రాంతంలో భూమి కదిలింది. తీవ్రత 6.2. సర్కారు లెక్కల ప్రకారమే చనిపోయినవారు 8 వేలకు చేరువ. అంతకు ముందు 1992లోనే అక్కడ చిన్న చిన్న ప్రకంపనలు వచ్చాయి, జనం హడలిపోయారు. అయినా ప్రభుత్వ పటంలో ఆ ప్రాంతం అతి తక్కువ ప్రమాదం గల ఒకటో జోన్‌లోనే ఉండిపోయింది. ఆ జోన్‌ను 2002లో గానీ ఎత్తివేయలేదు.

ఇంతమందిని చంపింది భూమా? కాదు, ఇళ్లు! మట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలు, పైన అడుగుల మందాన మట్టి కప్పు. గోడ లోపలి వరుసనూ బయటి వరుసనూ కలిపి పట్టే పొడుగు రాళ్లు లేవు. ఒక్క కుదుపుకు గోడలు విచ్చుకున్నాయి, కప్పు నిద్రలో ఉన్నవారి మీద కూలింది. తేలికపాటి గడ్డి గుడిసెలు చాలావరకు నిలిచాయి. అలాగని కూలోడికి గుడిసే చాలని ఎవరైనా అంటే ఒప్పుకోరాదు. నిప్పుకూ గాలివానకూ గుడిసె ఆగదు.

భూకంపం ఎవరికెన్ని ఎకరాలని అడగలేదు. పునరావాసం అడిగింది! కొత్త ఊళ్లలో భూమి లేనివారికి, హెక్టారులోపు ఉన్నవారికి 250 చదరపు అడుగుల ఇల్లు, 7 హెక్టార్లు దాటినవారికి 750. కూలీల ఇంట మనుషులు తక్కువుంటారా?

ఇది పక్క రాష్ట్రం గొడవ, మనకేంటి అనుకోవద్దు. ఆ కుదుపు హైదరాబాదు దాకా తెలిసింది. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం కంపించాయి. 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో వచ్చింది.

భూకంపం ఎప్పుడొస్తుందో ముందే చెప్పే విద్య లేదు. కూలిపోని ఇల్లు కట్టే విద్య మాత్రం ఉంది. తలుపులు, కిటికీల పైన నాలుగు గోడలనూ చుట్టే కాంక్రీటు బెల్టు, మూలల్లో ఇనుప చువ్వలు, తేలికైన కప్పు. పథకాల కింద కట్టే ప్రతి ఇంటి అంచనాలోనూ ఈ ఖర్చు చేర్చాలి, ఊరి మేస్త్రీలకు ప్రభుత్వమే శిక్షణ ఇవ్వాలి. గ్రామసభల్లో మనం గట్టిగా అడగాల్సింది ఇదే. పేదోడి ఇల్లంటే నాలుగు గోడలు లేపి బిల్లు రాసుకోవడం కాదు!