కొర్రలు సొంత పేరుతో అమ్మాలంటే: కవర్ ఎలా ఎంచుకోవాలి, లేబుల్ మీద ఏం ఉండాలి?

ప్రకృతి వ్యవసాయం చేసే మన రైతులు చాలామంది ఇప్పుడు పంటను దళారికి ఇవ్వకుండా, సొంత పేరుతో ప్యాకెట్ చేసి అమ్మాలనుకుంటున్నారు. మంచి ఆలోచన. కానీ ఎక్కువమంది లోగో దగ్గర మొదలుపెడుతున్నారు. ముందు గింజకి ఏం కావాలో చూడండి, బొమ్మ సంగతి తర్వాత. ఉదాహరణకి కొర్రబియ్యం తీసుకుందాం. సీల్ వేసే పద్ధతి పైన వీడియోలో చూపించాను.

కవర్ ఎలాంటిది?

పాలిష్ పట్టని కొర్రబియ్యానికి తవుడు పొర ఉంటుంది. జనం మన దగ్గర కొనేదే దాని కోసం. అయితే ఆ తవుడులో నూనె ఉంటుంది. గాలి, వేడి, వెలుతురు తగిలితే అది పాడై మక్కు వాసన వస్తుంది, అన్నం చేదెక్కుతుంది. కాబట్టి పంటంతా ఒకేసారి మర పట్టించొద్దు. పొట్టుతో నిల్వ ఉంచుకుని, ఆర్డర్లను బట్టి పట్టించండి.

క్రాఫ్ట్ పేపర్ కవర్ చూడ్డానికి బాగుంటుంది. కానీ ఉత్త కాగితం తేమని ఆపదు, పురుగునీ ఆపదు. బజారులో దొరికే క్రాఫ్ట్ పౌచ్‌లలో చాలావాటికి లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది. అలాంటిది వాడుతూ "ప్లాస్టిక్ లేని ప్యాకెట్" అని చెప్పుకోవద్దు.

మనం మందులు కలపం కాబట్టి పురుగు పెద్ద సమస్య. గింజల్లో గుడ్లు ఉన్నా కంటికి కనపడవు. వాక్యూమ్ ప్యాక్ చేస్తే గాలి అందక పురుగు పెరగదు. గింజ బాగా ఆరాకే ప్యాక్ చేయాలి. పంటి కింద టక్కున విరగాలి. తేమ ఉంటే ఎంత ఖరీదైన కవరైనా బూజుని ఆపలేదు.

లేబుల్ మీద ఏం ఉండాలి?

- సరుకు పేరు, నికర బరువు
- తయారుచేసినవారి పేరు, పూర్తి చిరునామా, ఫిర్యాదులకి ఫోన్ నంబరు
- ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తు, 14 అంకెల నంబరు
- చదరం లోపల ఆకుపచ్చ చుక్క, అంటే శాకాహార గుర్తు
- ప్యాక్ చేసిన తేదీ, ఎప్పటిలోగా వాడాలి, బ్యాచ్ నంబరు
- అన్ని పన్నులతో కలిపి ఎంఆర్‌పీ

కిలో కంటే తక్కువ ప్యాకెట్ అయితే గ్రాము ధర కూడా వేయాలి. 500 గ్రాములు 80 రూపాయలైతే, గ్రాము 0.16 రూపాయలు. సూపర్ మార్కెట్‌కి ఇచ్చేటప్పుడు బార్‌కోడ్ అడుగుతారు. ఇంటింటికీ అమ్మేవాళ్లకి మొదట్లో దాని అవసరం లేదు.

ఏం రాయకూడదు?

"షుగర్ తగ్గిపోతుంది", "క్యాన్సర్ రాదు" లాంటి మాటలు వేయొద్దు. ఆహారం జబ్బు నయం చేస్తుందని లేబుల్ మీద చెప్పడం చట్టప్రకారం తప్పు. అంతకంటే ముఖ్యం, మన మాట నమ్మి ఎవరైనా మాత్రలు మానేస్తే ఆ పాపం ఎవరిది? జైవిక్ భారత్ లోగో కూడా సర్టిఫికెట్ లేకుండా వేయకూడదు. రైతులు గుంపుగా చేరి పీజీఎస్-ఇండియా పద్ధతిలో సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. అది వచ్చేదాకా ఏ ఊళ్లో పండించారు, ఏం వాడారు, ఎప్పుడు మర పట్టించారు అని ఉన్నది ఉన్నట్టు రాయండి. నా అనుభవంలో కొనేవాళ్లు ఎక్కువగా చదివేది అదే.

ఖర్చు సంగతి

రంగుల్లో ప్రింట్ చేసిన పౌచ్‌లకి ఒక్కో రంగుకి ఒక్కో సిలిండర్ చేయించాలి. అందుకే వాళ్లు వేలల్లో ఆర్డర్ అడుగుతారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు సాదా పౌచ్‌లు కొని స్టిక్కర్ అంటించుకుంటే చాలు. తేదీ, ధర రబ్బరు స్టాంపుతో వేసుకోవచ్చు. చిరునామా మారినా, ధర మారినా పోయేది స్టిక్కరే.

ఇంకో మాట. ప్రతి బ్యాచ్ నుంచి ఒక ప్యాకెట్ మీ ఇంట్లోనే దాచండి. నెలకోసారి ఒకటి విప్పి వాసన చూడండి, వండి తినండి. ఎన్ని నెలలకి రుచి మారిందో అంతకంటే ఒక నెల ముందు తేదీనే లేబుల్ మీద వేయండి. పక్క కంపెనీ ప్యాకెట్ చూసి రాయొద్దు.