ఈ సందేశం ఎక్కడిది? – వదంతులు, సామాజిక మాధ్యమాలు, మన ఇరుగుపొరుగు

2018 వేసవిలో దక్షిణ భారతంలో ఎందరి చేతి ఫోన్లలోనో ఒక వీడియో తిరిగింది. ఇరుకైన వీధిలో పిల్లలు ఆడుకొంటూ ఉంటారు. మోటారు సైకిలు మీద ఇద్దరు వస్తారు, ఒక బిడ్డను ఎత్తుకొని వెళ్ళిపోతారు. అంతటితో వీడియో ముగుస్తుంది. దానితోపాటు ఒక చోట తెలుగులో, ఒక చోట కన్నడంలో, మరొక చోట తమిళంలో ఒకే హెచ్చరిక: పిల్లలను అపహరించే ముఠా మన ప్రాంతంలో దిగింది, కొత్తవారు కనిపిస్తే వదలవద్దు.

ఆ వీడియో మన దేశానిది కాదు. పాకిస్తాన్‌లోని కరాచీ నగరంలో, పిల్లల భద్రత విషయమై తల్లిదండ్రులను మేల్కొలపడానికి ఒక స్వచ్ఛంద సంస్థ కోసం తీసిన ప్రచార చిత్రమది. అసలు చిత్రంలో ఆ బండి మళ్ళీ వెనుకకు వస్తుంది. బిడ్డను క్షేమంగా దింపుతారు. బిడ్డను అపహరించడానికి ఒక్క క్షణం చాలునని తెలిపే పలకను ఎత్తి చూపుతారు. మన ఫోన్లకు చేరిన వీడియోలో ఈ చివరి భాగాన్ని ఎవరో కత్తిరించారు. కత్తిరించిందెవరో ఆ వీడియో అందుకొన్నవారికి తెలియదు. తెలుసుకొనే మార్గమూ లేదు.

ఆ కత్తిరింపు వెల మనుషుల ప్రాణాలు. 2018 మే 23న మన బెంగళూరులోనే, చామరాజపేట ప్రాంతంలో, పని కోసం రాజస్థాన్ నుంచి వచ్చిన 26 ఏండ్ల యువకుణ్ణి పిల్లల దొంగగా అనుమానించి గుంపు కొట్టి చంపింది. జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రాయిన్‌పాడా గ్రామంలో, సంచార వర్గానికి చెందిన ఐదుగురు అదే అనుమానానికి బలయ్యారు. జూలై 13న హైదరాబాదు నుంచి కారులో వచ్చిన మిత్రబృందం బీదరు జిల్లాలో ఒక ఊరి వద్ద ఆగి, బడిపిల్లలకు చాక్లెట్లు పంచింది. అక్కడివారికి అనుమానం కలిగింది. వాట్సాప్ గ్రూపుల ద్వారా ఆ అనుమానం కారు కంటే ముందుగా పరుగెత్తింది. ముర్కి గ్రామం వద్ద జనం దారికి అడ్డుపెట్టి కాచుకొని ఉన్నారు. పోలీసులు అడ్డుపడి తామూ గాయపడ్డారు. అయినా ఒక యువ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ప్రాణం దక్కలేదు.

వీరిని చంపినవారిలో చాలామంది అంతకుముందు ఏ నేరమూ చేయని సాధారణ గృహస్థులని మనం మరచిపోరాదు. తమ పిల్లలను కాపాడుకొంటున్నామనే వారు అనుకొన్నారు. అందువల్ల ఈ సంగతిని దుర్మార్గుల కథగా చదివి పక్కన పెట్టడానికి వీలులేదు.

వదంతి కొత్తది కాదు. సామాజిక మాధ్యమాలతోనే పుట్టిందనుకోవడమూ సరికాదు. 2012 ఆగస్టులో, చాలామంది చేతుల్లో మామూలు ఫోన్లే ఉన్న కాలంలో, ఈశాన్య రాష్ట్రాలవారిపై దాడులు జరుగబోతున్నాయన్న ఎస్సెమ్మెస్‌లు ఈ నగరాన్ని కుదిపివేశాయి. అసోంలో అప్పటికి నెల రోజుల ముందు జరిగిన హింస ఆ భయానికి నేపథ్యం. కాపలా పనివారు, హోటలు పనివారు, విద్యార్థులు వేలాదిగా రైల్వే స్టేషనుకు చేరారు. గౌహతికి ప్రత్యేక రైళ్ళు నడపవలసి వచ్చింది. రోజుకు ఐదుకు మించి మూకుమ్మడి ఎస్సెమ్మెస్‌లు పంపరాదని కేంద్ర ప్రభుత్వం కొద్ది రోజులు దేశమంతటా ఆంక్ష విధించింది. ఆ రోజుల్లో నేను విద్యార్థిని. మా వీధి చివర చపాతీలు చేసి అమ్మే కొట్టు ఉన్నట్టుండి మూతపడింది. దాన్ని నడిపే అన్నదమ్ములు మళ్ళీ రాలేదు.

2012కూ 2018కీ మధ్య మారింది వేగం, విస్తృతి. ఒక లెక్క చూడండి. 2018లో ఒక వాట్సాప్ గ్రూపులో 256 మంది దాకా ఉండవచ్చు. ఒక సందేశాన్ని ఒకేసారి ఎన్నో గ్రూపులకు పంపే వీలూ ఉండేది. రాయిన్‌పాడా, ముర్కి ఘటనలు జరిగిన ఆ జూలైలోనే ఆ సంస్థ భారతదేశంలో ఈ సంఖ్యను ఐదుకు తగ్గించింది. ఇతరుల నుంచి వచ్చి మనం ముందుకు పంపిన సందేశంపై ‘ఫార్వర్డెడ్’ అన్న గుర్తు చేర్చింది. ఐదు గ్రూపులన్నా, నిండుగా ఉంటే 1,280 మంది. వారిలో పది మంది మళ్ళీ ఐదేసి గ్రూపులకు పంపితే సంఖ్య పన్నెండు వేలు దాటుతుంది. ఇదంతా రెండు మెట్లలోనే, ఒక కాఫీ తాగే సమయంలో. 2020 ఏప్రిల్‌లో, అనేక చేతులు మారిన సందేశాన్ని ఒకేసారి ఒక్క చాట్‌కే పంపగలిగేలా మరొక నిబంధన పెట్టారు. అటువంటి సందేశాల రాకపోకలు దీనితో 70 శాతం తగ్గాయని ఆ సంస్థే ప్రకటించింది. రెండు బాణాల గుర్తుతో వచ్చే సందేశాలు ఇవే. ఆ రెండు బాణాలు కనిపిస్తే, మీకు పంపినవారికి కూడా అది ఎక్కడ పుట్టిందో తెలియదని అర్థం.

ఫేస్‌బుక్ వంటి బహిరంగ మాధ్యమాల తీరు వేరు. అక్కడ మనకు ఏది ముందు కనబడాలో యంత్రమే నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయానికి వాడే కొలబద్ద సత్యం కాదు, మన స్పందన. 2017లో ఫేస్‌బుక్ తన లెక్కల్లో ‘కోపం’ వంటి భావచిహ్నాలకు ఒక లైకుకు ఐదు రెట్ల విలువ ఇచ్చిందని, 2020 నాటికి కోపం విలువను సున్నాకు తగ్గించిందని ఆ సంస్థ అంతర్గత పత్రాల ద్వారా 2021లో బయటపడింది. అంటే కొంతకాలం పాటు మనల్ని మండించిన మాటే మన ముందుకు ఎక్కువగా వచ్చింది. ట్విట్టర్‌లో 2006 నుంచి 2017 వరకు తిరిగిన సుమారు 1,26,000 వార్తలను అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు పరిశీలించారు. నిజమైన వార్త కంటే అసత్య వార్తను ఇతరులకు పంపే అవకాశం 70 శాతం ఎక్కువని వారు తేల్చారు. అసత్యంలో కొత్తదనం ఎక్కువ, అది ఆశ్చర్యాన్నీ జుగుప్సనూ రేపుతుంది కాబట్టి మనుషులే దాన్ని మోస్తారని వారి వివరణ. యంత్రాల వంతు కంటే మన వంతే పెద్దదని ఆ అధ్యయనం చెప్పడం నాకు కొంత ఇబ్బంది కలిగించింది.

నగరపాలికలో అనువాదకుడిగా నా కంటికి ఆనే విషయం మరొకటి ఉంది. అది భాషకు సంబంధించినది. అధికారిక ప్రకటన ఏదైనా ముందు కన్నడంలో, ఇంగ్లీషులో వెలువడుతుంది. అది మా బల్ల మీదికి వచ్చి, తెలుగై, దిద్దుబాటు జరిగి, సంతకమై, అచ్చుకు వెళ్ళేసరికి రోజులు గడుస్తాయి. వదంతికి దస్త్రం లేదు, సంతకం అక్కరలేదు. అది నేరుగా అమ్మ మాట్లాడే భాషలో, మన యాసలో వస్తుంది. 2021లో కోవిడ్ టీకా శిబిరాల ప్రకటనను తెలుగు చేసి పంపేనాటికి, టీకా వేయించుకొంటే సంతానం కలుగదన్న స్వరసందేశం మా బంధువుల గ్రూపుల్లో అప్పటికే వారం రోజులుగా తిరుగుతోంది. చెప్పిన కంఠం ఎవరిదో తెలియదు గాని, చక్కని తెలుగు. తరతరాలుగా ఇక్కడే స్థిరపడినా, కన్నడం ధారాళంగా మాట్లాడినా, చదవడం దగ్గర తడబడే పెద్దలు మన ఇండ్లలో ఉన్నారు. వారికి వదంతి మాతృభాషలో అందుతుంది, సవరణ పరభాషలో అందుతుంది, అదీ ఆలస్యంగా. ఈ ఎడం పూడనంత కాలం భాషా అల్పసంఖ్యాకులకు అసత్యం వల్ల కలిగే నష్టం ఇతరులకంటే ఎక్కువగానే ఉంటుంది.

నమ్మకానికి మరొక మూలం పాత ద్వేషం. ఆ 2018 వేసవిలోనే తెలుగు ప్రాంతాల్లో తిరిగిన సందేశాల్లో ‘పార్థీ ముఠా’ అన్న మాట తరచు వినబడింది. పార్థీలు సంచార జాతివారు. 1871 నాటి చట్టం కింద బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ జాతులుగా ముద్రవేసిన వర్గాల్లో వారూ ఉన్నారు. 1952లో ఆ ముద్రను తొలగించారు. కాగితం మీద తొలగినది మనసులో మిగిలి ఉంటే, ఒక ఫొటో చాలు, అది మళ్ళీ పైకి తేలుతుంది. వదంతి శూన్యంలో మొలకెత్తదు. మనం ఎవరిని ముందే అనుమానిస్తున్నామో వారి పేరే దానిలో ఉంటుంది.

వర్గాల మధ్య దూరం పెరగడం కూడా ఈ విధంగానే జరుగుతుంది. 2016 సెప్టెంబరులో కావేరీ జలాల వివాదం ముదిరిన వేళ, బెంగళూరులో ఒక తమిళ విద్యార్థిని కొడుతున్న వీడియో చెన్నైలో చూశారు. చెన్నైలో కర్ణాటకవారి హోటలుపై దాడి దృశ్యాలు బెంగళూరులో చూశారు. సెప్టెంబరు 12న ఈ నగరంలో ఒక తమిళనాడు సంస్థకు చెందిన పదుల బస్సులు ఒకేచోట దగ్ధమయ్యాయి. నీటి వాటా గురించి న్యాయస్థానం ఏమి చెప్పిందో, ఎన్ని ఘనపుటడుగులో ఆ వీడియోల్లో ఉండదు. ఉండేది దెబ్బ, అరుపు, భాష.

ఈ మధ్య ఆటో డ్రైవరుకూ ప్రయాణికుడికీ మధ్య భాష గురించి జరిగే వాగ్వాదాల వీడియోలు విరివిగా వస్తున్నాయి. జరుగలేదని అనను. అయితే అదే రోజు ఈ నగరంలో లక్షల ఆటో ప్రయాణాలు సగం కన్నడం, సగం తెలుగు, కొంత ఉర్దూ, కొంత తమిళంతో సాఫీగా ముగిసి ఉంటాయి. వాటిని ఎవరూ చిత్రీకరించరు. పది వీడియోలు చూసిన తరువాత ఆటో ఎక్కే మనిషి, ఎక్కకముందే కోపంగా ఉంటాడు. అటువైపు డ్రైవరూ అవే వీడియోలు చూసి ఉంటాడు.

ఇంటి లోపలి సంగతి చెప్పుకోవాలంటే కొంత సంకోచం. ఒక ఎన్నికల సమయంలో మా బంధువుల గ్రూపులో చిన్నాన్నగారికీ బావగారికీ మాటా మాటా పెరిగింది. ఇద్దరూ గ్రూపు విడిచారు. తరువాత వచ్చిన గృహప్రవేశానికి ఒకరు ఉదయం వచ్చి వెళ్ళారు, మరొకరు సాయంత్రం వచ్చారు. ఎదురెదురుగా కూర్చొని ఉంటే ఇద్దరూ ఆ మాటలు అనరని నాకు గట్టి నమ్మకం. అమెరికాలో 2018 ఎన్నికలకు ముందు పరిశోధకులు కొందరి చేత నాలుగు వారాల పాటు ఫేస్‌బుక్ మాన్పించి చూశారు. వారికి రోజుకు సుమారు ఒక గంట మిగిలింది. కుటుంబంతో, మిత్రులతో గడిపే సమయం పెరిగింది, మనసు కొంత కుదుటపడింది, రాజకీయ వైషమ్యం కొంత తగ్గింది. అయితే వర్తమాన విషయాల పరిజ్ఞానమూ తగ్గింది. ఈ చివరి మాటను దాచడం న్యాయం కాదు. ఈ మాధ్యమాల వల్ల మనకు తెలిసేది కూడా ఉంది. వరద నీరు ఏ వీధిలో నిలిచిందో, రక్తం ఎక్కడ అవసరమో ముందుగా తెలిసేది వీటి ద్వారానే.

నిద్ర చెడినా, ఫోను పక్కన పెట్టలేకపోతున్నా, చూసినకొద్దీ ఆందోళన పెరుగుతున్నా అది సిగ్గుపడవలసిన విషయం కాదు. ఇటువంటివారి కోసమే మన నగరంలోని నిమ్హాన్స్‌లో 2014 నుంచి ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. అక్కడ తెలుగులోనూ మాట్లాడుతారు.

ఇక వదంతిని ఆపిన ఉదాహరణ ఒకటి. 2018లో తెలంగాణలోని జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి, పిల్లల దొంగల సందేశాలు తిరుగుతున్నాయని తెలిసిన వెంటనే ఊరూరికీ ఒక కానిస్టేబులును పంపారు. వారు స్థానిక గ్రూపుల్లో చేరారు, ఇంటింటికీ వెళ్ళారు. పాటలతో, డప్పు చాటింపుతో ఆ వీడియోలు అబద్ధమని ఆ ఊరి భాషలోనే చెప్పించారు. సుమారు 400 గ్రామాలున్న ఆ పరిధిలో ఈ వదంతి వల్ల ఒక్క ప్రాణమూ పోలేదు. ఖరీదైన సాంకేతికత ఏదీ ఇందులో లేదు. తెలిసిన మనిషి, తెలిసిన భాషలో, వదంతి ముదరకముందే వచ్చి చెప్పడమే జరిగింది.

మన వార్డుల్లో అటువంటి సందేశం వస్తే 112కు, పిల్లల విషయమైతే 1098కి ఫోన్ చేసి అడగవచ్చు. అనుమానితుడు కనిపించినా చేయవలసింది ఆ ఫోనే. చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 353వ సెక్షను ప్రకారం, ప్రజల్లో భయాన్ని గాని, వర్గాల మధ్య వైరాన్ని గాని రేపే అసత్య సమాచారాన్ని ప్రచారం చేస్తే మూడేండ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. నిజమని నమ్మడానికి సహేతుక కారణం ఉండి సద్భావంతో పంపినవారికి మినహాయింపు ఉన్నది గాని, ఎవరో పంపారు కనుక పంపాను అన్నంత మాత్రాన ఆ మినహాయింపు దొరుకుతుందని భావించవద్దు.

పొరపాటున అసత్యాన్ని పంపినవారు దాన్ని తొలగించి ఊరుకొంటే చాలదు. చదివినవారు అప్పటికే చదివి ఉంటారు. అదే గ్రూపులో, అదే భాషలో, తప్పు పంపానని రాయాలి. టీకా స్వరసందేశాన్ని మా గ్రూపులో పెట్టినవారు మా పెద్దత్తగారే. శిబిరంలో నర్సుతో స్వయంగా మాట్లాడి వచ్చిన సాయంత్రం ఆమె తన కంఠంతోనే మరొక స్వరసందేశం పెట్టారు: “నేను పంపినది తప్పంట నాయనా. నేను రేపు వేయించుకొంటున్నాను. వచ్చేవాళ్ళు పొద్దున తొమ్మిదికి మా ఇంటి దగ్గరికి రండి.” మరునాడు మా వీధి నుంచి ఏడుగురు ఆమె వెంట వెళ్ళారు.