విమ్ ఎడిటరు: మన చేతికి అమర్చుకోవడం ఎలా?

(తృతీయ బి.ఎస్సీ., ఎం.పి.సి.ఎస్. విద్యార్థి)

పనిముట్టు చేతబట్టిన ప్రతి మనిషీ రెండు పనులు చేస్తాడు. ఒకటి, దానితో పని చేసుకోవడం. రెండు, దాన్ని తన చేతికి తగినట్టు సవరించుకోవడం. మాది వ్యవసాయ కుటుంబం గనుక ఈ రెండో పని విలువ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నాగలికి కాడి కట్టే చోటు కాస్త ముందుకో వెనక్కో జరిపితే కర్రు దిగే లోతు మారిపోతుంది. పక్కింటి నాగలి అడిగి తెచ్చుకున్నా సరే, మన ఎడ్లనూ మన నేలనూ బట్టి కట్టు మార్చుకోకుండా ఎవరూ సాలు తోలరు. ప్రోగ్రాము రాసేవాడికి ఎడిటరే నాగలి. దానికీ ఇదే సూత్రం వర్తిస్తుందని, విమ్ అనే ఎడిటరును ఉదాహరణగా తీసుకుని వివరించడమే ఈ చిన్న వ్యాసం ఉద్దేశం.

కొంత చరిత్ర

1976లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ విద్యార్థి బిల్ జాయ్ 'వీ-ఐ' అనే ఎడిటరు రాశాడు. అప్పటి మోడెమ్‌లు సెకనుకు సుమారు 30 అక్షరాలు పంపేవి. అందుకే తక్కువ మీటలు నొక్కి ఎక్కువ పని జరిగేలా దాన్ని తయారుచేశాడు. ఆయన వాడిన ఏడీఎం-3ఎ టెర్మినల్‌లో బాణాలకు వేరే మీటలే లేవు. హెచ్, జె, కె, ఎల్ అక్షరాల మీదే ఆ గుర్తులు ముద్రించి ఉండేవి. ఈనాటికీ విమ్‌లో కర్సర్‌ను కదిపేది ఆ నాలుగు మీటలే!

నెదర్లాండ్స్ దేశస్థుడు బ్రామ్ మూలెనార్ ఈ వీ-ఐ తరహాలోనే పనిచేసే ఎడిటరును అభివృద్ధి చేసి 1991లో విమ్ పేరుతో విడుదల చేశారు. దాన్ని ఉచితంగా ఇచ్చి, నచ్చినవారు ఉగాండాలోని అనాథ పిల్లలకు సాయం చేయమని మాత్రం కోరారు. 2023 ఆగస్టులో ఆయన కన్నుమూశారు. ఆయన చేతి పని మాత్రం ప్రపంచమంతటా ప్రోగ్రాములు రాసేవారి చేతుల్లో నడుస్తూనే ఉంది.

మోడ్ అంటే ఏమిటి?

కొత్తవాళ్ళు విమ్ తెరవగానే బిత్తరపోతారు. అక్షరం నొక్కితే అక్షరం పడదు! కారణం, అది మొదట నార్మల్ మోడ్‌లో ఉంటుంది. అక్కడ ప్రతి మీటా ఒక ఆజ్ఞ. ఐ నొక్కితే ఇన్సర్ట్ మోడ్ వస్తుంది, అప్పుడు మామూలుగా టైపు చేసుకోవచ్చు. ఎస్కేప్ నొక్కితే మళ్ళీ నార్మల్ మోడ్.

ఈ ఆజ్ఞలకు ఒక వ్యాకరణం ఉంది. డి అంటే తీసెయ్, డబ్ల్యు అంటే మాట. రెండూ కలిపితే "ఒక మాట తీసెయ్" అనే వాక్యం అయింది. డి రెండుసార్లు నొక్కితే ఒక వరుస పోతుంది, ముందు 3 చేరిస్తే మూడు వరుసలు పోతాయి. చుక్క మీట నొక్కితే ఇందాక చేసిన మార్పే మళ్ళీ జరుగుతుంది. క్రియ, కర్మ వంటివి పది పదిహేను నేర్చుకుంటే వందల వాక్యాలు మనమే కూర్చుకోవచ్చు. ఇందులో బట్టీ పట్టేది తక్కువ.

అమరిక ఫైలు

మన ఇష్టాయిష్టాలు విమ్‌కు చెప్పేది 'విమ్‌ఆర్‌సి' అనే మామూలు టెక్స్ట్ ఫైలు. లినక్స్‌లో అది మన హోమ్ డైరెక్టరీలో, పేరుకు ముందు ఒక చుక్కతో ఉంటుంది. విమ్ తెరిచినప్పుడల్లా దాన్ని మొదటి వరుస నుంచి చదువుకుంటుంది. కింది ఆజ్ఞలను పలికే తీరున తెలుగులో రాస్తున్నాను. యంత్రానికి మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే ఇవ్వాలి.

మొదటిది 'సింటాక్స్ ఆన్'. దీనితో ప్రోగ్రాములోని మాటలు రకాన్ని బట్టి రంగుల్లో కనిపిస్తాయి. కొటేషన్ గుర్తు ముయ్యడం మరిచిపోతే ఆ తరువాతి అక్షరాల రంగు తప్పుగా మారుతుంది కనుక కంపైలర్ చెప్పకముందే మన కంటికి తెలిసిపోతుంది.

రెండోది 'సెట్ నంబర్'. వరుసలకు అంకెలు వస్తాయి. "27వ వరుసలో తప్పు" అని కంపైలర్ అంటే వేలు పెట్టి లెక్కపెట్టుకోనక్కర్లేదు.

మూడోది ఖాళీల సంగతి. పైథాన్‌లో వరుస ముందుండే ఖాళీయే ప్రోగ్రాము అర్థాన్ని నిర్ణయిస్తుంది. ట్యాబులూ స్పేసులూ చెప్పాపెట్టకుండా కలిపేస్తే పైథాన్ 3 ఒప్పుకోదు. 'సెట్ ఎక్స్‌పాండ్‌ట్యాబ్' అంటే ట్యాబ్ నొక్కినా స్పేసులే పడతాయి. 'సెట్ ట్యాబ్‌స్టాప్ = 4', 'సెట్ షిఫ్ట్‌విడ్త్ = 4' అంటే నాలుగేసి. అయితే మేక్‌ఫైల్‌లో ఆజ్ఞల వరుసలు ట్యాబుతోనే మొదలవ్వాలి, అక్కడ స్పేసులు పనికిరావు. అందుకని 'ఫైల్‌టైప్ ప్లగిన్ ఇండెంట్ ఆన్' అనే వరుస కూడా చేర్చాలి. అప్పుడు ఫైలు రకాన్ని బట్టి విమ్ తానే సర్దుకుంటుంది. ఏ నేలకు ఆ లోతు అన్నమాట.

నాలుగోది వెతుకులాట. 'సెట్ ఇగ్నోర్‌కేస్', 'సెట్ స్మార్ట్‌కేస్' రెండూ కలిపి పెడితే, చిన్నక్షరాలతో వెతికినప్పుడు పెద్దవీ చిన్నవీ అన్నీ దొరుకుతాయి. ఒక్క పెద్దక్షరం టైపు చేస్తే మాత్రం అచ్చంగా అదే దొరుకుతుంది.

మీటలకు కొత్త పని

ఎస్కేప్ మీట మూలన ఉంటుంది. బిల్ జాయ్ వాడిన టెర్మినల్‌లో అది ఇప్పటి ట్యాబ్ చోట, వేలికి అందేలా ఉండేది. అందుకని చాలామంది ఇన్సర్ట్ మోడ్‌లో జె, కె వెంటవెంటనే నొక్కితే ఎస్కేప్‌గా పనిచేసేలా పెట్టుకుంటారు. ఇంగ్లీషు మాటల్లో ఆ జంట చాలా అరుదు కనుక ఇబ్బంది రాదు.

మీటకు కొత్త పని అప్పగించేటప్పుడు 'మ్యాప్' బదులు 'నోరీమ్యాప్' రకాలే వాడాలి. ఎందుకో చెప్తాను. సెమికోలన్‌ను కోలన్‌గా, కోలన్‌ను సెమికోలన్‌గా మార్చాలనుకుందాం. మామూలు మ్యాప్‌తో చేస్తే మొదటిది రెండోదాన్ని పిలుస్తుంది, రెండోది మళ్ళీ మొదటిదాన్ని పిలుస్తుంది. గానుగెద్దు తిరిగినట్టే! చివరికి విమ్ విసిగి తప్పు చూపిస్తుంది. నోరీమ్యాప్ అయితే మీట అసలు అర్థమే తీసుకుంటుంది.

నాకు అన్నిటికన్నా ఉపయోగపడినది ఎఫ్5 మీట. అది నొక్కితే ఫైలు సేవ్ అయి, 'మేక్' నడిచేలా పెట్టుకున్నాను. చిన్న సి ప్రోగ్రాముకైతే మేక్‌ఫైల్ కూడా అక్కర్లేదు, పేరు చెబితే మేక్ తానే కంపైల్ చేస్తుంది. తప్పుంటే కర్సర్ నేరుగా ఆ వరుస మీదకే వెళుతుంది. 'సి నెక్స్ట్' అంటే తరువాతి తప్పు. ఎడిటరు మూసి, కంపైలర్ నడిపి, మళ్ళీ ఎడిటరు తెరిచే తిప్పట తప్పింది.

పక్కవాడి అమరిక ప్రమాదం

ఇంటర్నెట్‌లో వందల వరుసల అమరిక ఫైళ్ళు ఉచితంగా దొరుకుతాయి. మా హాస్టల్లో ఒక మిత్రుడు అలాంటిదొకటి యథాతథంగా తెచ్చిపెట్టుకున్నాడు. తెర చూడముచ్చటగా తయారైంది. ఒక రాత్రి ప్రాజెక్టు ప్రోగ్రాము రాస్తుండగా కరెంటు పోయింది. వచ్చాక చూస్తే రెండు గంటల పని లేదు. "ఒరేయ్, విమ్ అన్నీ దాచిపెడుతుందన్నావు గదరా, ఏదీ?" అని నన్ను పట్టుకున్నాడు.

నిజానికి విమ్ దాచిపెడుతుంది. మనం సేవ్ చేయకపోయినా, 200 అక్షరాలు టైపు చేయగానే, లేదా నాలుగు సెకన్లు చేయి ఆపగానే, మార్పులను 'స్వాప్' ఫైల్లోకి ఎక్కిస్తుంది. కరెంటు పోయినా తరువాత దాని నుంచి తిరిగి రాబట్టుకోవచ్చు. కానీ మావాడి ఫైల్లో, ఎనభయ్యో వరుసలోనో ఎక్కడో, 'సెట్ నోస్వాప్‌ఫైల్' అని ఉంది. రాసినవాడికి ఏ కారణం ఉందో! బహుశా వాడి ఊళ్ళో కరెంటు పోదేమో. మన ఊళ్ళో పోతుంది. ఒక్క వరుస అర్థం తెలియకపోవడానికి ఖరీదు, మర్నాడు సమర్పించవలసిన ప్రాజెక్టు.

అందుకని నేను పాటిస్తున్న నియమాలు నాలుగు చెబుతాను. ఒకటి, ఒకేసారి ఒకే వరుస చేర్చాలి, చేర్చి వారం రోజులు వాడి చూడాలి. రెండు, ప్రతి వరుస పైనా అది ఎందుకు పెట్టామో మన మాటల్లో రాసుకోవాలి. డబుల్ కొటేషన్ గుర్తుతో మొదలైన వరుసను విమ్ వ్యాఖ్యగా వదిలేస్తుంది. మూడు, తెలియని మాట కనిపిస్తే 'హెల్ప్' అని ఆ మాట ఇవ్వాలి. ఇంటర్నెట్ లేకపోయినా వివరం వస్తుంది. నాలుగు, మూల మీటలను ఎడాపెడా మార్చకూడదు. రేపు ఏదో సర్వర్ మీద, మరెవరిదో కంప్యూటర్ మీద మన ఫైలు ఉండదు, ఉత్త వీ-ఐ మాత్రమే ఉంటుంది. అక్కడ కూడా చేతులు ఆడాలి.

ఖరీదైన కంప్యూటర్ లేదని, పల్లె నుంచి వచ్చామని వెనుకాడే మిత్రులకు ఒక మాట. విమ్‌కు పాత కంప్యూటర్ చాలు, పైసా ఖర్చు లేదు. టెర్మినల్‌లో 'విమ్‌ట్యూటర్' అని కొట్టండి. అరగంటలో మొదటి పాఠాలు అయిపోతాయి. ఆ తరువాత అమరిక ఫైలు తెరిచి ఒక్క వరుస, మీకు అర్థమైన వరుస, మీరే రాయండి. ఇరవై వరుసలు చాలు. ఇరవై గురించీ ఎవరు అడిగినా చెప్పగలగాలి, అదే ముఖ్యం.