సర్పగంధి చెప్పిన రక్తపోటు రహస్యం

భద్రాచలం నుంచి చింతూరు, కుంట మీదుగా జగదల్‌పూర్ వెళ్ళే రోడ్డు బస్తర్ అడవుల గుండా సాగుతుంది. ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని ఆ అడవుల్లో, గుగ్గిలం చెట్ల నీడన, మోకాలి ఎత్తు దాటని ఒక చిన్న మొక్క పెరుగుతుంది. కణుపుకు మూడేసి ఆకులు, ఎర్రని కాడల మీద తెల్లని పూలు, పండితే నల్లబడే చిన్న కాయలు. గన్నేరు కుటుంబానికి చెందిన ఈ మొక్కే సర్పగంధి. దీన్నే పాతాళగంధి అని కూడా అంటారు. శాస్త్రీయ నామం రావుల్ఫియా సర్పెంటైనా.

దీని వేరు చేదు. ఆ చేదు వేరు రక్తపోటును తగ్గిస్తుంది. ఎలా తగ్గిస్తుందన్న ప్రశ్న వెంట వెళ్ళిన శాస్త్రజ్ఞులకు మెదడులోని రసాయనాల గురించి ఊహించని సంగతులు తెలిశాయి. ఆ కథలోకి వెళ్ళే ముందు మనం ఒక చిన్న ప్రయోగం చేద్దాం.

లేచి నిలబడితే ఏమవుతుంది?

మీరు కూర్చుని ఇది చదువుతున్నట్లయితే ఒకసారి లేచి నిలబడండి. వెంటనే భూమ్యాకర్షణ వల్ల అర లీటరుకు పైగా రక్తం కాళ్ళలోకి, పొత్తికడుపులోకి జారుతుంది. గుండెకు తిరిగివచ్చే రక్తం తగ్గుతుంది. అలాంటప్పుడు రక్తపోటు పడిపోవాలి, మెదడుకు రక్తం చాలక మీ కళ్ళు తిరగాలి. కాని మామూలుగా అలా జరగదు. ఎందుకని?

మెడలో మెదడు వైపు వెళ్ళే ధమనుల గోడల్లోను, గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని వంపులోను ఒత్తిడిని పసిగట్టే నాడుల కొసలు ఉంటాయి. రక్తపోటు పెరిగి గోడ సాగితే ఇవి ఎక్కువ సంకేతాలు పంపుతాయి. పోటు తగ్గితే సంకేతాలూ తగ్గుతాయి. ఈ సంకేతాలు చేరే చోటు మెదడు అడుగున, వెన్నుపాముకు పైన ఉండే మజ్జాముఖం.

ఒక నాడీకణానికీ మరో నాడీకణానికీ నడుమ సన్నని సందు ఉంటుంది. మొదటి కణంలో విద్యుత్తు రూపంలో వచ్చిన కబురును సాధారణంగా ఒక రసాయనం ఈ సందు దాటిస్తుంది. ఇలాంటి రసాయన వార్తాహరులనే నాడీ ప్రసారకాలు అంటారు. కొన్ని అవతలి కణాన్ని ఉత్తేజపరుస్తాయి, కొన్ని దాన్ని అణచివేస్తాయి.

రక్తపోటు పెరిగిందనుకోండి. నాడుల కొసలు మజ్జాముఖంలో గ్లూటమేట్ అనే ఉత్తేజక రసాయనాన్ని విడుదల చేస్తాయి. అక్కడ ఉత్తేజితమైన కణాలు మరికొన్ని కణాలను మేల్కొలుపుతాయి. ఇవి విడుదల చేసేది గాబా అనే రసాయనం. గాబా పని బ్రేకు వేయడం. రక్తనాళాలను బిగించమని ఆదేశాలు పంపే కణాలను అది అణచివేస్తుంది. నాళాలు సడలుతాయి. మరోవైపు వేగస్ నాడి గుండె దగ్గర ఎసిటైల్‌కోలిన్‌ను విడుదల చేస్తుంది. గుండె నెమ్మదిస్తుంది. పోటు దిగుతుంది.

మీరు లేచి నిలబడినప్పుడు జరిగేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. మెడ నుంచి వచ్చే సంకేతాలు తగ్గాయి కాబట్టి గాబా బ్రేకు సడలుతుంది. ఆదేశాలు వెన్నుపాము మీదుగా సహానుభూత నాడులకు చేరతాయి. వాటి కొసల నుంచి నార్‌ఎడ్రినలిన్ విడుదలై చిన్న ధమనుల కండరాన్ని బిగిస్తుంది, గుండె వేగాన్ని పెంచుతుంది. ఇదంతా కొన్ని సెకన్లలో ముగుస్తుంది. రోజుల తరబడి రక్తపోటును సరిదిద్దే పనిలో మాత్రం ఉప్పును, నీటిని అదుపుచేసే మూత్రపిండాలదే పెద్ద పాత్ర.

ఖాళీ అయిన సంచులు

ఇప్పుడు సర్పగంధి దగ్గరకు వద్దాం. 1931లో కలకత్తాకు చెందిన గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఈ వేరు ఉన్మాదానికి, అధిక రక్తపోటుకు పనిచేస్తుందని ప్రకటించారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రక్తపోటు రోగులలో తాను చూసిన ఫలితాలను ‘బ్రిటిష్ హార్ట్ జర్నల్’లో ప్రచురించడంతో ప్రపంచం దృష్టి ఈ మొక్క మీద పడింది. 1952లో స్విట్జర్లాండ్‌లోని సిబా కంపెనీ శాస్త్రజ్ఞులు వేరులోని ముఖ్యమైన ఆల్కలాయిడ్‌ను వేరుచేశారు. దాని పేరు రిసర్పిన్.

నాడి కొసలో నార్‌ఎడ్రినలిన్ అతి చిన్న సంచులలో నిలవ ఉంటుంది. సంచి పొరలోని ఒక ప్రోటీను పంపులా పనిచేసి దాన్ని లోపలికి తోడుతుంది. రిసర్పిన్ ఈ పంపును గట్టిగా పట్టుకుని ఆపివేస్తుంది. సంచి బయట మిగిలిన రసాయనాన్ని కణంలోని ఎంజైమే నాశనం చేస్తుంది. క్రమంగా సంచులు ఖాళీ అవుతాయి. మెదడు నుంచి ఆదేశం వస్తూనే ఉంటుంది, కాని తపాలా బంట్రోతు సంచిలో ఉత్తరం లేదు. ధమనులు బిగుసుకోవు, రక్తపోటు తగ్గుతుంది. మోతాదు ఎక్కువైతే లేచి నిలబడగానే కళ్ళు తిరగడానికి కారణం కూడా ఇదే.

చిక్కు ఎక్కడ వచ్చింది?

ఇదే పంపు మెదడులోని నాడీకణాలలోనూ ఉంది. అక్కడ నార్‌ఎడ్రినలిన్‌తో పాటు సెరటోనిన్, డోపమిన్‌లను కూడా సంచుల్లోకి చేర్చేది అదే. రిసర్పిన్‌కు రక్తనాళం దగ్గరి నాడి ఏదో, మెదడులోని నాడి ఏదో తెలియదు. అందుకే మందు వాడిన కొందరిలో మగత, దిగులు కనిపించాయి. దిగులుకు ఈ రసాయనాల కొరతే కారణమన్న ఊహకు అది ఊతమిచ్చింది. అసలు సంగతి అంత సూటిగా లేదని తరువాతి పరిశోధనలు చూపాయి.

స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ రిసర్పిన్ ఇచ్చిన జంతువులు కదలిక లేకుండా పడి ఉండడం గమనించారు. డోపమిన్‌గా మారే ఎల్-డోపాను ఇస్తే అవి తిరిగి లేచి తిరిగాయి. 1957లో వెలువడిన ఈ ఫలితం పార్కిన్సన్ వ్యాధి చికిత్సకు దారి తీసింది. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతి లభించింది. రక్తపోటు మందు కదలికల రహస్యాన్ని కూడా విప్పిందన్నమాట!

నేడు రిసర్పిన్ వాడకం బాగా తగ్గింది. ఇంతకంటె గురి చూసి పనిచేసే మందులు వచ్చాయి. సర్పగంధి పచ్చి వేరు నమిలి రక్తపోటు తగ్గించుకుందామనే ఆలోచన ప్రమాదకరం. ఒక వేరులో ఎంత మందు ఉందో, అది మెదడును ఎంత తాకుతుందో చూసి చెప్పలేం. డాక్టరు ఇచ్చిన మందును మనంతట మనమే మానేయడమూ అంతే ప్రమాదం.

మరో మాట. మందు ఉన్నది వేరులో కాబట్టి, తవ్వితే మొక్క చనిపోతుంది. ఇలా తవ్వగా తవ్వగా అడవుల్లో సర్పగంధి అరుదైపోయింది. 1990 నుంచి దీని అంతర్జాతీయ వ్యాపారం సైటెస్ ఒప్పందం కింద నియంత్రణలో ఉంది. పొలాల్లో, తోటల్లో దీన్ని పెంచవచ్చు. బస్తర్ వంటి అడవుల్లో మిగిలిన మొక్కలు మాత్రం గింజ రాల్చి పెరిగేందుకు అక్కడే ఉండనివ్వాలి. మెదడు గురించి ఇంత నేర్పిన మొక్కకు మనం చేయగల మేలు అదే.