దూరపు బాటకు పాత కారు

ఘట్‌కేసరు నేడు రెండు పెద్ద బాటల కూడలి. వరంగల్లునకు పోవు 163వ జాతీయ రహదారి ఇటుగానే సాగుచున్నది. హైదరాబాదు చుట్టును 158 కిలోమీటర్లు తిరుగు ఔటర్ రింగు రోడ్డును ఎక్కుటకును దిగుటకును ఇచ్చట దారి కలదు. ఉప్పల్, నాచారము మొదలుకొని ఈ వైపున కాపురమున్న సామాన్య కుటుంబములవారు సెలవులు రాగానే భువనగిరి, జనగామల మీదుగా ఓరుగల్లునకో, పెద్దఅంబర్‌పేట కడ రహదారి పట్టుకొని విజయవాడకో స్వంత బండిలో పోవలెనని తలచుచున్నారు. క్రొత్తది కొనుటకు శక్తి చాలనివారు పాత కారు వెదకుదురు. అందు దోషమేమియు లేదు. కాని బేరమంతయు పురుషులే ముగించి, బండి వాకిట నిలిచిన పిదప మనకు చూపుట పెక్కిండ్ల ఆచారము. సోదరీమణులారా, రొక్కము చేతులు మారుటకు మునుపే మనము ఆ బండి వెనుక సీటులో ఒక గంటసేపు కూర్చుండవలెను. పిల్లలతోడను పెద్దలతోడను నూరు కిలోమీటర్లకు పైబడి అచ్చట కూర్చుండువారు మనమే గదా!

భారతారణ్యపర్వములోని నలోపాఖ్యానము చదివినవారికి ఒక ఘట్టము జ్ఞప్తికి వచ్చును. ఋతుపర్ణుడు ఒక్క దినములో విదర్భకు చేరవలసినపుడు, బాహుకుడను పేర సారథియైయున్న నలుడు బక్కచిక్కిన గుఱ్ఱములను ఏరి తెచ్చెను. రాజు వానిని చూచి శంకించెను. నలుడు చూచినది కండలను గాదు, దూరము పోగల లక్షణములను. పాత కారు కొనువారికి ఇంతకంటె తగిన ఉపమానము నాకు తోచలేదు. తళతళలాడు రంగును, క్రొత్త సీటు తొడుగులను ఒకటి రెండు దినములలో వేయింపవచ్చును.

దూరము పోగల లక్షణములలో మొదటిది ముందు చక్రమునకును వెనుక చక్రమునకును నడుమ గల కొలత. ఆల్టో వంటి చిన్న బండికి ఇది 2360 మిల్లీమీటర్లు, పెక్కేండ్లు అమ్ముడుపోయిన హోండా సిటీకి 2600, ఇన్నోవాకు 2750. ఈ కొలత పెరిగినకొలది గతుకులలో ముందువెనుకల ఊపు తగ్గును, నడుమునకు సుఖము. చిన్న బండి అంగడికి పోయివచ్చుటకు మేలైనదే. దూరపు బాటకు నేను దానిని కోరను. ఇన్నోవాలలో పెక్కు టాక్సీలుగా తిరిగినవి కలవు. మీటరు అంకెలు వెనుకకు త్రిప్పుట కష్టము గాదు. అరిగిన పెడలు రబ్బరును, నునుపెక్కిన స్టీరింగును, కూలబడిన డ్రైవరు సీటును దాచుట కష్టము. సర్వీసు పుస్తకముతో వీనిని పోల్చి చూడవలెను.

పరీక్షకు ఇంజను చల్లగా నున్నపుడే పోవలెను. అమ్మువాడు ముందే వేడిచేసి ఉంచినచో మరునాడు వత్తుమని చెప్పి మరలుడు. నీలిపొగ వచ్చినచో ఆయిలు కాలుచున్నదని గుర్తు. తెల్లపొగ ఎంతకును ఆగనిచో లోపలికి నీరు చేరుచున్నదేమో చూపింపవలెను. పిమ్మట ఘట్‌కేసరు కడ రింగు రోడ్డెక్కి శంషాబాదు వైపు పోయి రండు. ఆ బాటమీద గరిష్ఠవేగమును 2023లో 120కి పెంచిరి. మనకంత అక్కరలేదు, 80, 90 చాలును. ఆ వేగమున స్టీరింగు వణకుచున్నదా, బండి ఒక ప్రక్కకు లాగుచున్నదా, ఏ.సి. గాలి వెనుకకు అందుచున్నదా, తల వెనుక ఆనిక తగినంత ఎత్తున నున్నదా? మోకాళ్ల నొప్పులు గల అత్తగారుండినచో ఆమెను వెంటబెట్టుకొని పోయి రెండుమారులు ఎక్కించి దింపుడు. సీటు ఆమె తుంటి ఎత్తున నుండినచో సులభము. మరి క్రిందుగా నున్నను, మరి మీదుగా నున్నను బాధయే.

ఇక ప్రాణరక్షణ. 2019 జులై 1 నుండి తయారైన కార్లకు డ్రైవరు ఎయిర్‌బ్యాగు నిర్బంధమైనది. కావున అంతకు పూర్వపు బండియైనచో ఉన్నదో లేదో అడిగి తెలిసికొనవలెను. వెనుక సీటు బెల్టులు తొడుగుల క్రింద పూడ్చబడియుండుట తఱచు. వానిని పైకి తీయించి బిగించి చూడుడు. 2022 సెప్టెంబరులో సైరస్ మిస్త్రీగారు మిక్కిలి ఖరీదైన కారులో మరణించిరి. వెనుక కూర్చున్న ఇరువురును బెల్టు ధరింపలేదని పోలీసులు చెప్పిరి. ముందున్న ఇరువురు బ్రదికిరి.

ఆ బెల్టును చివరి వరకు లాగినచో మరియొక రహస్యమును తెలియును. 2020 అక్టోబరు వరదలలో హైదరాబాదున ఎన్నియో కార్లు మునిగినవి. మునిగిన బండి బెల్టు మొదట బురదచార, సీటు పట్టాలకు త్రుప్పు, తివాచీ క్రింద ముక్కవాసన ఉండును. అట్టిదానిని ఎంత చౌకయైనను కొనరాదు.

టైరు ప్రక్కన నాలుగంకెలు చూడుడు. 2321 అనగా 2021వ సంవత్సరపు 23వ వారమున చేసినదని అర్థము. గాడులు లోతుగానున్నను రబ్బరు ముసలిదైనచో వేసవిలో, వేగమున పగులు భయము కలదు.

పత్రముల సంగతి క్లుప్తముగా: ఇచ్చట రిజిస్టరైన బండికి ఏ.పీ. అక్షరములున్నచో 2014 జూనుకు పూర్వపుది, టీ.జీ. యున్నచో 2024 మార్చి తరువాతిది. బ్యాంకు అప్పు తీరినదా యని ఆర్.సి.లో చూడవలెను. పొరుగు రాష్ట్రపు బండికి ఎన్.ఓ.సి. కావలెను, ఇచ్చటి జీవితకాలపు పన్ను భారము వేరు. ఇన్సూరెన్సును 14 దినములలోపల మన పేర మార్పించుకొనుటకు అర్జీ పెట్టవలెను.

టైర్లు, బ్రేకులు, బ్యాటరీ, ఆయిలు — వీనిలో కొన్నింటినైనను కొన్నవెంటనే మార్పింపవలసియుండును. ఎరిగిన మెకానికుచేత ఆ లెక్క వేయించి, ఆ సొమ్ము ముందే వేరుగా ఉంచి, మిగిలినదానితోనే బేరమాడవలెను.